జాడీలో పడ్డ ఫోను

ఆవకాయ పెట్టిన మూడో రోజు జాడీ తెరిచి తిరగకలపాలి. మా ఇంట్లో ఆ కార్యక్రమం సామాన్ల గదిలో, మిణుకుమిణుకుమనే బల్బు కింద జరుగుతుంది. ఆ బల్బు మార్చమని మా ఆవిడ ఉగాది నుంచీ చెబుతోంది. జరిగినదాంట్లో నా తప్పంటూ ఉంటే అదొక్కటే. ఆవిడ లెక్క వేరు.

ఆవిడ: ఏమండీ, కాస్త ఫోన్ లైటు వేసి జాడీలోకి చూపించండి. నూనె పైకి తేలిందో లేదో కనిపించి చావడం లేదు.

నేను: ఇదిగో. ఆహా, ఏం రంగు! ఉండు, ఒక ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెడతాను.

ఆవిడ: నూనె చూపించమంటే ఫొటో ఎందుకండీ? దిష్టి తగుల్తుంది.

తగిలింది. ఫోన్ ముందు జాడీ అంచుకి తగిలి టప్పుమంది, తర్వాత లోపలికి దిగింది. చప్పుడేమీ లేదు. ముక్కల మధ్య మెల్లగా, మర్యాదగా కూరుకుపోయింది. లైటు మాత్రం కాసేపు నూనె కింద నుంచి ఎర్రగా వెలిగింది. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగుంది.

ఆవిడ: అయ్యయ్యో, నా ఆవకాయ!

నేను: ఆవకాయేమిటే? అది 18,000 రూపాయల ఫోను!

ఆవిడ: ఫోన్ ఏ కొట్లో అడిగినా ఇస్తాడు. పాతిక కాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, జీడి తీసి, తడి చెయ్యి సోకకుండా పెట్టాను. మీరేమో పొద్దున్నే లేచి ఆ ఫోన్ ఎక్కడికి పట్టుకెళ్తారో నాచేత చెప్పించకండి.

నేను: పేపరు చదవడానికి...

ఆవిడ: ఏ గదిలో చదువుతారని?

దీనికి జవాబు చెప్పడం కంటే జాడీలో చెయ్యి పెట్టడం నయమనిపించింది.

ఆవిడ: ఆగండాగండి! చెయ్యి పెట్టకండి. పొడి అట్లకాడ తెస్తాను... ఆఁ, అలా లేపండి. ఇటు తిప్పకండి. జాడీ మీదే పట్టుకోండి. నూనంతా లోపలికే కారాలి. నువ్వుల నూనె ధర ఎంతుందో తెలుసా మీకు?

అద్దం సాలెగూడు అయిపోయింది. పగుళ్లలో ఆవపిండి చక్కగా సర్దుకుంది. ఒక మెంతిగింజ సరిగ్గా కెమెరా మీద కూర్చుంది. ఈలోగా ఆవిడ తన ఫోన్‌లో అబ్బాయిని పట్టుకుంది. ముందు సిమ్ తీసెయ్యమన్నాడు వాడు.

నేను: ఆ పిన్నీసు ఇటివ్వు.

ఆవిడ: సరైన కన్నంలోనే పొడవండి. పోయినసారి నా ఫోన్‌కి మైకు కన్నంలో పొడిచి, ఆర్నెల్లు నా మాట ఎవరికీ వినపడకుండా చేశారు.

నేను: అది పొరపాటున జరిగింది.

ఆవిడ: నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

ట్రే అయితే వచ్చింది. దాని మీద ఉండాల్సిన సిమ్ మాత్రం లేదు. చిటికెన వేలి గోరంత ముక్క, నూనెకి జారి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

నేను: నువ్వే కదా జాడీ మీద పట్టుకోమన్నావు!

ఆవిడ: పట్టుకోమన్నాను. అక్కడే ఆపరేషన్ చెయ్యమన్నానా?

గరిటెతో గంటసేపు వెతికాం. నల్లటి మామిడి టెంక అంచులన్నీ సిమ్ములాగే కనిపించాయి. సిమ్ మాత్రం టెంకలాగా కనిపించలేదు.

నేను: బియ్యండబ్బా ఎక్కడుంది? తడిసిన ఫోన్ బియ్యంలో పెడితే తేమ లాగేస్తుందని వాట్సాప్‌లో వచ్చింది.

ఆవిడ: ఎందుకండీ పచ్చి బియ్యం? వేడన్నంలో పెట్టండి. నెయ్యి కూడా వేస్తాను.

నేను: వేళాకోళం చెయ్యకు.

ఆవిడ: అయినా ఇది నీళ్లలో ముంచినా ఏమీ కాని ఫోనన్నారుగా? కొన్నరోజు మా అన్నయ్య ముందు చెంబులో ముంచి మరీ చూపించారు.

నేను: ఐపీ68 అంటారు దాన్ని. 6 అంటే దుమ్ము దూరదని, 8 అంటే మీటరుకి మించిన లోతులో మునిగినా నీళ్లు దూరవని. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారే, ఆవకాయలో చెయ్యరు. పైగా అద్దం పగిలాక ఐపీ లేదు, గీపీ లేదు.

ఆవిడ: అద్దానికి ఇంకో గాజు వేయించండి, 150 రూపాయలే అన్నాను. సుత్తితో కొట్టినా పగలదన్నారు.

నేను: సుత్తి వేరు, జాడీ వేరు.

లెక్కల మాస్టారుగా ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ణి, ఇంత బలహీనమైన వాదన ఏ పిల్లాడి దగ్గరా ఒప్పుకోలేదు.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. వారంటీ ఇంకా మూడు వారాలుంది. అక్కడి అమ్మాయి ఫోన్ పట్టుకోగానే ముక్కు ఎగరేసి, భోజనం వేళ ఇంకా కాలేదే అన్నట్టు గడియారం చూసింది. సిమ్ పెట్టే సందులోకి లైటు వేసి, లోపల తెల్లగా ఉండాల్సిన స్టిక్కరు ఎర్రబడిందనీ, అంటే తడి తగిలిందనీ, వారంటీ వర్తించదనీ చెప్పింది.

ఆవిడ: అది తడి కాదమ్మా, కారం. గుంటూరుది.

నేను: నువ్వు ఊరుకో.

ఆవిడ: ఎందుకు ఊరుకోవాలి? నా ఆవకాయలో తడి ఉందంటుంటే!

ఆ అమ్మాయి ఏమన్నా ఒప్పుకునేలా ఉంది గాని, పగిలిన అద్దం చూపించింది. పగిలినా వర్తించదట. అక్కణ్ణుంచి ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి పోయాం. ఆ సందుల్లో బాగుచెయ్యలేనిది ఉండదని నా నమ్మకం. కుర్రాడు వెనక మూత ఊడదీసి, బ్రష్షుతో కాస్త ఆవపిండి తీసి, "నూనె ఒక్కటే అయితే చూద్దుం అంకుల్, ఉప్పూ పులుసూ బోర్డును తినేసినయి. డిస్‌ప్లే కూడా వెయ్యాలంటే కొత్తదే నయం" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆంటీ ఆవకాయలో వెల్లుల్లి వేస్తారా అని అడిగాడు.

ఇక కొత్త ఫోన్ కొట్టు. పాతది ఇస్తే తగ్గిస్తామన్నారు. ఆన్ అవుతుందా అన్నారు, లేదన్నాం. అద్దం బాగుందా అన్నారు, లేదన్నాం. మూడో ప్రశ్న వెయ్యలేదు.

ఆవిడ: ఎంతండీ ఇది?

నేను: మళ్లీ 18,000. అందులో జీఎస్టీ 18 శాతం. అంటే 2,745 రూపాయల 76 పైసలు పన్నే!

ఆవిడ: ఇంత లెక్క వచ్చినవారికి ఒక బల్బు మార్చడం రాలేదు.

నేను: బల్బు ఊసు ఇప్పుడెందుకు?

ఆవిడ: 60 రూపాయల బల్బు. చెప్పండి, మాస్టారూ, 60 పెట్టకపోతే 18,000 పోయింది. ఎన్ని రెట్లు?

మూడు వందల రెట్లు. కొట్టువాడు కూడా వింటున్నాడని చెప్పలేదు.

డబ్బు ఆవిడ ఫోన్ నుంచే కట్టింది. సిమ్ కూడా అదే నంబరుతో కొత్తది తీసుకున్నాం. అసలు చిక్కు అక్కడొచ్చింది. సిమ్ మారిస్తే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. ఎవడైనా మన నంబరు మీద దొంగ సిమ్ తీసుకుని ఓటీపీలతో ఖాతా ఊడ్చెయ్యకుండా పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. కానీ ఎస్సెమ్మెస్ లేనిదే యూపీఐ మొదలవదు, జేబులో నోటు పెట్టుకోవడం మానేసి నాలుగేళ్లయింది.

నేను: ఏమోయ్... ఒక 20 రూపాయలుంటే ఇస్తావా?

ఆవిడ: ఎందుకు?

నేను: టీకి.

ఆవిడ: పొద్దున తాగారుగా.

నేను: ఇంకోటి.

ఆవిడ: రేపు మీ మెసేజీలు వచ్చాక తాగుదురుగాని.

ముప్ఫై ఏళ్ల సర్వీసు, పింఛను, ఇంటి పెద్దరికం, అన్నీ 24 గంటలు ఆగిపోయాయి.

ఇంటికొచ్చేసరికి రెండున్నర. ఆవిడ అన్నం వార్చి, జాడీ పైన ఉన్నదంతా, అంటే ఫోన్ తగిలిందని అనుమానమున్న మేరంతా, ఒక గిన్నెలోకి తీసింది. ఆ గిన్నె నా కంచం పక్కన పెట్టింది. తను అడుగు నుంచి తీసుకుంది.

నేను: ఇదేమిటి?

ఆవిడ: మీ ఫోను, మీ మైల. ఏడాదంతా తిన్నా మీకేం కాదు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆవకాయ మాత్రం అద్భుతంగా ఊరింది. రెండో ముద్దకి పంటి కింద కటుక్కుమంది.

ఆవిడ: ఆగండి! నమలకండి! తియ్యండి బయటికి, చూద్దాం.

వేలితో తీసి, కంచం అంచున పెట్టి, ఇద్దరం వంగి చూశాం. కొత్త ఫోన్ లైటు వెయ్యబోతుంటే ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

నేను: టెంక పెచ్చే.

ఆవిడ: అయితే ఇంకా గిన్నెలోనే ఉందన్నమాట. కానివ్వండి.