కడుపుకి రంగులేద్దాం రండి

రంగులేస్తే సగం సమస్యలు తీరిపోతాయని మన ప్రభుత్వాలు ఎప్పుడో కనిపెట్టాయి. బడికి వేశారు, పంచాయతీ ఆఫీసుకు వేశారు, వాటర్ ట్యాంకుకు కూడా వేశారు. మిగిలింది కడుపే. ఆ ముచ్చటా ఇప్పుడు తీరబోతోంది. ఐబీఎస్ అనే దీర్ఘకాలిక పేగు ఇబ్బందిలో పొద్దున్నుంచి ఐదారుసార్లు పరుగులు పెట్టించే పేగును మొక్కల్లోని రంగు పదార్థాలు దారికి తేగలవట. జామాకులో, ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్, పసుపులోని కర్కుమిన్, మానుపసుపులోని బెర్బెరిన్. మూడూ పసుపు రంగువే. గడపకు పూసేది కడుపుకూ పూస్తే శుభమే కదా!

ఇంతకీ ఈ మాట చెప్పిందెవరు? ఎక్కువగా ఎలుకలే. ముందు ఎలుకకు మొక్క సారం పట్టిస్తారు, కాసేపాగి ఆముదం పట్టిస్తారు. ఆముదం నుంచి వచ్చే రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాలను ఉరికిస్తుంది. బోను అడుగున కాగితం పరుచుకుని ఒక రీసెర్చ్ స్కాలర్ గంటల తరబడి తడి మరకలు లెక్కపెడతాడు. లెక్క తగ్గితే పేపరు, పేపరు పడితే పీహెచ్‌డీ. ఇంకో పద్ధతి ఉంది. బొగ్గుపొడి కలిపిన జావ తాగించి, అది పేగులో ఎంత దూరం పోయిందో స్కేలు పెట్టి కొలుస్తారు. కొలవాలంటే ఎలుకను కోయక తప్పదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి కూడా లేదు, గైడు గారున్నారు.

మనుషుల మీద పెద్ద పరీక్షలు ఎన్ని జరిగాయని అడగడం మర్యాద కాదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్న సామెత ఈ శాస్త్రం కోసమే పుట్టిందని నా గట్టి నమ్మకం. ఐబీఎస్ ఉన్న మనిషి ఆముదం తాగి జబ్బు తెచ్చుకోలేదు, నిజమే. అది ఏళ్ల తరబడి పట్టుకుంటుంది, ఇంటర్వ్యూ రోజు టెన్షన్‌తో ముదురుతుంది. ఎలుకకు ఇంటర్వ్యూలుండవు. ఇలాంటి చిన్న చిన్న తేడాలు చూస్తూ కూర్చుంటే సైన్స్ ముందుకెలా పోతుంది?

అలాగని మనుషుల్లో ఏమీ చూడలేదనడం అన్యాయం. మెక్సికో పరిశోధకులు జామాకు క్యాప్సూళ్లను విరేచనాల రోగులకిచ్చి చూశారు. కడుపునొప్పి తొందరగా తగ్గిందని 2002లో పేపరు వేశారు. లేత జామాకులు నమలమని ఎప్పటినుంచో చెబుతున్న మన నాయనమ్మలు మాత్రం స్కేలూ కాగితమూ పట్టుకోలేదు, వాళ్ల ఖర్మ.

దక్షిణ అమెరికాలో ఇంకో చెట్టుంది. గాటు పెడితే నెత్తురులాంటి పాలు కారతాయి. వాటినుంచి తీసిన క్రోఫెలెమర్‌కు 2012 డిసెంబర్ 31న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దేనికి? హెచ్ఐవీ మందులు వాడేవారికి, ఇన్ఫెక్షన్ లేకుండా వచ్చే విరేచనాలకు. అది చేసే పని కూడా పేగును నెమ్మదింపజేయడం కాదు. లోపలికి నీరు ఊరడానికి కారణమయ్యే క్లోరైడ్ దారులను మూయడం. మనుషుల మీద పరీక్షలు నెగ్గి, ఇంత చేసి, చివరికి చెప్పుకునేది ఒకే ఒక్క ఉపయోగం! ఇలాగైతే సరుకు అమ్ముడవుతుందా? మన వాట్సాప్ వైద్యుణ్ణి చూసి నేర్చుకోవాలి. ఒకే పసుపు డబ్బాను మలబద్ధకానికీ విరేచనాలకూ కూడా అమ్మగలడు. మొదటిదానికి కొంత ఆధారముంది కూడా, ఎందుకంటే కర్కుమిన్ మోతాదు మించితే వచ్చే ఇబ్బందుల్లో విరేచనాలు ఒకటి.

రంగుల ప్రేమికుడిగా నన్ను బాగా నొప్పించేది ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల మధ్య డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లతోనే ఎందరి ప్రాణాలో నిలబెట్టారు. ఒక్క చుక్క రంగు వేయాలని తోచలేదాయనకు. ఆ లోటు పూడుద్దామని పాపం కొందరు వ్యాపారులు పళ్లరసం రంగుల్లో తియ్యటి పానీయాలు చేసి, డబ్బాల మీద ఓఆర్ఎస్ అని అచ్చేశారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి వెంటపడ్డారు. 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు తీసేయమంది. కళాపోషణకు ఇక దిక్కెవరు?

రంగుల వైద్యం మొదలుపెట్టేవారికి ఒక్క జాగ్రత్త. మలం ఎర్రగా కనబడితే సొంత వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి, అది నెత్తురు కావచ్చు. ఆయనకూ మొక్కల రంగుల గురించి బాగానే తెలుసు. ముందుగా అడిగేదే, నిన్న బీట్‌రూట్ ఏమైనా తిన్నారా అని.