పార్కును మిట్టమధ్యాహ్నం చూడాలి

ఏ నగరంలోనైనా కొత్త పార్కు తెరిస్తే చాలు, అది కార్బన్‌ను పీల్చేస్తుందని, వాతావరణ మార్పులకు అదే విరుగుడని ప్రసంగాలు మొదలవుతాయి. చెట్లు కార్బన్‌ను పట్టి ఉంచుతాయన్నది నిజమే. కానీ వాహనాలు, విద్యుత్తు, నిర్మాణాల కోసం నగరం వదిలే ఉద్గారాల ముందు అక్కడి పార్కులు పీల్చేది సముద్రంలో కాకిరెట్ట. పార్కు అసలు ఉపయోగం ఎండకూ వరదకూ జనం తట్టుకునేలా చేయడంలో ఉంది.

ముందు ఎండ సంగతి. కాంక్రీటు, తారు పగలంతా వేడెక్కి రాత్రంతా ఆ సెగను వదులుతాయి. చెట్టు నీడతో నేల కాలకుండా ఆపుతుంది. వేళ్లు తోడిన నీటిని ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది. లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2.4 మెగాజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. వెయ్యి వాట్ల హీటర్‌ను 40 నిమిషాలు వేస్తే వచ్చేంత వేడి అది. మట్టిలో తడి ఉన్నంతసేపే ఈ పని సాగుతుంది. అందమైన లాన్, టైల్స్ పరిచిన నడకదారి, మధ్యలో ఒక ఫౌంటెన్ ఉన్న పార్కు ఫొటోలకు బాగుంటుంది గానీ, మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఎవరైనా కూర్చోగలరా? నా లెక్కలో పార్కుకు పరీక్ష అదే. పైగా కొన్నిచోట్ల సరిగ్గా ఆ వేళకే గేటుకు తాళం పడుతుంది. వాకింగ్‌కు వచ్చేవాళ్లకు ఉదయం, సాయంత్రం తెరిచి, రేకుల ఇళ్లలో ఉడికిపోయేవాళ్లకు మధ్యాహ్నం మూస్తే ఆ నీడ ఎవరికోసం?

వాన విషయంలో నగరాలు కాస్త తెలివిగానే ఆలోచిస్తున్నాయి. 2011 జులై 2న కోపెన్‌హాగన్‌లో కొద్ది గంటల్లోనే 150 మిల్లీమీటర్ల దాకా కుండపోత కురిసి వీధులు మునిగాయి. ఆ తర్వాత అక్కడి ఎంగ్‌హేవ్ పార్కును 22,600 ఘనపు మీటర్ల నీరు పట్టేలా మార్చారు. మామూలు రోజుల్లో ఆటస్థలం, గులాబీ తోట. కుంభవృష్టి కురిసిన రోజు జలాశయం. బ్యాంకాక్‌లో 2017లో తెరిచిన చులాలాంగ్‌కోర్న్ శతాబ్ది పార్కునైతే మొత్తంగా ఒకవైపుకు వాలుగా కట్టారు. పై నుంచి జారిన వాన మొక్కలు పెంచిన చిత్తడి నేలల్లో వడకట్టుకుంటూ కింది చెరువుకు చేరుతుంది. సందర్శకులు అక్కడి నీటి సైకిళ్లు తొక్కితే చెరువు నీటికి గాలి కూడా తగులుతుంది. వ్యాయామం ఎలాగూ చేస్తారు, అదీ పనికొచ్చేలా చూశారన్నమాట!

ఇవన్నీ నిలిచేది నిర్వహణ మీదే. నాటిన మొక్క వేళ్లూనడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ నీళ్లు పోసే మనిషికి జీతమివ్వాలి. కొలంబియాలోని మెడెయిన్ నగరం రోడ్లు, కాల్వల వెంట 30 పచ్చని బాటలు పెంచినప్పుడు, పేద కుటుంబాలవారికే తోటపనిలో శిక్షణ ఇచ్చి కొలువులిచ్చింది. ఎండకు ఎక్కువగా మాడేవాళ్ల చేతికే ఆ పని వెళ్లడం నాకు నచ్చిన విషయం.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. పార్కు బాగుపడితే చుట్టుపక్కల ఇళ్లకు గిరాకీ పెరిగి, అద్దెకున్న పేదలు దూరంగా, మళ్లీ చెట్టు లేని వీధికి పోవాల్సి రావచ్చు. అందుకే పార్కు మంజూరు చేసే ఉత్తర్వులోనే అద్దెల పెంపుకు హద్దు కూడా పెట్టాలి. చెట్లు ఎదిగాక చూద్దామంటే, అప్పటికే వాళ్ల చేత ఇళ్లు ఖాళీ చేయించేసి ఉంటారు.