అమ్మకి జూరీ పిలుపొచ్చింది

మా అమ్మకి 72 ఏళ్ళు, తెనాలి పక్క పల్లెటూరు, నాన్న పోయాక కాలిఫోర్నియాలో మా దగ్గరికొచ్చి పదహారేళ్ళు దాటింది. పోయినేడు సిటిజెన్‌షిప్ వచ్చింది, అదీ తెలుగులోనే. 55 దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లిష్ పరీక్ష లేదు, సివిక్స్ ప్రశ్నలకి ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని సొంత భాషలో చెప్పుకోవచ్చు. మా అమ్మ ఆ ప్రశ్నలన్నీ విష్ణు సహస్రనామంలా బట్టీ పట్టేసింది. అందులో ఒకటి, సిటిజెన్లకి మాత్రమే ఉండే బాధ్యత ఏంటి అని, జవాబు జూరీలో కూచోడం. "అంటే ఏంట్రా?" అంటే, "పన్నెండుమంది కూచుని వాడు తప్పు చేశాడా లేదా తేల్చేది, మన రచ్చబండ లాంటిది" అన్నా. అక్కడే చేశా తప్పు. ఊళ్ళో అత్తాకోడళ్ళ గొడవల నించి గట్టు తగాదాల దాకా తీర్చిన చెయ్యి అది.

ఆర్నెల్లు తిరక్కుండా పోస్టులో సమన్స్. ఓటర్ల లిస్టులోంచీ డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు) లిస్టులోంచీ పేర్లు తీసి పంపేస్తారు, ఎవరికి ఏ భాషొచ్చో ఆ లిస్టులకేం తెలుసు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం జూరర్‌కి సరిపడా ఇంగ్లిష్ రావాలి, రాకపోతే అర్హత లేదు. ఆ ముక్క రాసి పంపమంటారు, ఫారం మాత్రం ఇంగ్లిష్‌లో ఉంది. ఇంగ్లిష్ రాదని ఇంగ్లిష్‌లో చెప్పుకోవాలన్నమాట.

సరే నేనున్నాగా అని ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి ఫోన్లోనే నింపా. చాలినంత ఇంగ్లిష్ మీకు కొరవా అన్నట్టుగా మెలిక పెట్టి అడిగాడు. నా బుర్ర ఎంతైనా తెలుగు బుర్ర కదా, "రాదు" అనుకుని ఠక్కున 'నో' కొట్టేశా. నో అంటే కొరవ లేదు అని, అంటే మా అమ్మకి ఇంగ్లిష్ దంచి కొట్టినట్టు వచ్చు అని. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి నేను.

అసలు సంగతి, ఆవిడ జూరీ గ్రూపు రేప్పొద్దున రావాలని ముందురోజు సాయంత్రం కోర్టు వెబ్‌సైట్లో పడ్డాక తెలిసింది, ఇంక మార్చడానికి ఎవరికి ఫోన్ చేసినా మెషినే మాట్లాడుతోంది. అమ్మ మాత్రం సాయంత్రానికే వెంకటగిరి చీర ఇస్త్రీ చేయించుకుంది, కోడలు పులిహోర డబ్బా కట్టింది. "రోజుకి కూలెంతిస్తార్రా?" అంది. మొదటిరోజు సున్నా, రెండోరోజు నించి 15 డాలర్లు అంటే కాసేపు మాట్లాడలేదు. "ఉపాధి హామీ నయం కదరా" అంది.

కోర్టు గుమ్మంలో సెక్యూరిటీ మెషిన్ కుయ్‌మంది. అమ్మ సంచీలోంచి అడకత్తెర బయటపడింది. వక్క లేనిదే ఆవిడకి అన్నం తిన్నట్టుండదు, అమెరికాలో పదహారేళ్ళుగా అదే అడకత్తెర. అక్కడున్నాయన దాన్ని తెరిచి మూసి వెలుతుర్లో పెట్టి చూసి ఇంకో ఇద్దర్ని పిలిచాడు. ఇది ఏంటని అడిగితే నాకు ఇంగ్లిష్ మాట తట్టలేదు, "నట్" అన్నా, "కటింగ్" అన్నా, ఆ రెండూ కలిసి ఆయనకి ఏమర్థమైందో గాని చెయ్యి బెల్టు మీదకి పోయింది. కారులో పెట్టి రమ్మన్నారు. కారు నాలుగో ఫ్లోర్లో ఉంది.

నేను రొప్పుకుంటూ వెనక్కొచ్చేసరికి మా అమ్మ అప్పుడే జూరర్ బ్యాడ్జీ పెట్టుకుని కూచుంది. క్లర్కు ఏదో అడిగిందట, అన్నిటికీ "యెస్" అందట. ఇంగ్లిష్ వచ్చా అంటే యెస్, ఏమైనా ఇబ్బందా అంటే కూడా యెస్సే అయ్యుంటుంది. నేను వెళ్ళి మొత్తుకుంటే, జడ్జిగారే అడిగి తేలుస్తారు అంది క్లర్కు.

లోపల కేసేంటో సరిగా వినబళ్ళేదు, నేను వెనక బెంచీలో కూచున్నా. జడ్జిగారు అందరికీ 'బియాండ్ రీజనబుల్ డౌట్' గురించి పావుగంట చెప్పారు, విరామంలో అమ్మ అదేంటని అడిగింది. "సహేతుకమైన సందేహానికి అతీతంగా" అన్నా. "ఇది తెలుగా?" అంది. నాకైతే వినడానికి ఇంగ్లిషే తేలిగ్గా ఉంది నిజం చెప్పాలంటే. కిందా మీదా పడి, దొంగే అనిపించినా సరే, ఎక్కడో కాదేమో అనడానికి కాస్త కారణముంటే వదిలెయ్యాలి అని చెప్పా. "లోపల పీకులాట లేకుండా అని చెప్పొచ్చుగా" అంది. మన కోర్టుల్లో ఇన్ని అనువాదాలు చూశాం గాని ఇంత బాగా చెప్పినవాళ్ళని నేనైతే చూళ్ళేదు.

మళ్ళీ లోపలికెళ్ళాక అమ్మ వంతొచ్చింది. జడ్జిగారు పెద్దావిడ, చాలా మర్యాదగా, "కెన్ యు బీ ఫెయిర్?" అన్నారు. అమ్మ ఒకసారి తన చేతులవైపు చూసుకుంది. పెళ్ళిచూపుల కాలం నించి విన్న మాట కదా అది. "నో ఫెయిర్," అంది స్పష్టంగా, "వీటిష్."

కోర్టులో ప్రతి మాటా టైపు చేసే రిపోర్టరు చెయ్యి ఆపి స్పెల్లింగ్ అడిగింది. పక్కనున్న గుజరాతీ ఆయన నవ్వాపుకోలేక దగ్గు మొదలెట్టాడు. జడ్జిగారు ఇంకో రెండు ప్రశ్నలు వేశారు, రెండిటికీ యెస్సే, ఆ రెండోది "మీరెక్కడ పుట్టారు" అన్నది. థాంక్యూ మామ్, మీరు వెళ్ళొచ్చు అన్నారు.

బయటికొచ్చాక అమ్మకి కోపం. "ముద్దాయికి ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తారా?" ఇస్తారమ్మా. "సాక్షికి?" వాళ్ళకీ ఇస్తారు. "నాకు మాత్రం ఇవ్వరు. అంటే నేనేదన్నా దొంగతనం చేస్తే గాని ఆ కోర్టులో తెలుగు మాట్లాడేవాళ్ళు రారన్నమాట." చెవులు వినబడని జూరర్‌కైతే ఇక్కడ సైగల ఇంటర్‌ప్రెటర్‌ని పెడతారు, అది చెప్తే ఇంకా మండుతుందని నోరు మూసుకున్నా. న్యూ మెక్సికో రాష్ట్రంలో మాత్రం 1912 నించీ రాజ్యాంగంలోనే ఉంది, ఇంగ్లిష్ రాలేదని జూరీలోంచి ఎవర్నీ తీసెయ్యకూడదని, ఇంటర్‌ప్రెటర్ జూరీ గదిలోక్కూడా వెళ్తాడు, మాటలు తర్జుమా చెయ్యాలేగాని తన అభిప్రాయం చెప్పకూడదు. ఇది పొరపాటున చెప్పేశా. "అక్కడ ఇళ్ళు ఎంతుంటాయిరా?" అంది.

నాకైతే మొన్నటిదాకా ఇంగ్లిష్ ఉండాల్సిందే అనిపించేది. పన్నెండుమంది తలుపేసుకుని వాదించుకునేచోట ఒకరి మాట ఇంకొకరు తర్జుమా చేసి చెప్తుంటే ఎక్కడో తేడా కొడుతుంది కదా, ఒకడి జైలు సంగతి అది. ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నా, 'నో' కొట్టింది నా వేలే కదా.

పులిహోర కారులోనే తిన్నాం. అడకత్తెర తీసి వక్క కత్తిరిస్తూ అమ్మ మొదలెట్టింది, ఫారం నింపిందెవరు, ఏ టైములో, అప్పుడు మీటింగులో ఉన్నావా లేదా, కళ్ళద్దాలు పెట్టుకున్నావా. పెట్టుకోలేదన్నా. వక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలింది.

"లోపల ఏ పీకులాటా లేకుండా చెప్తున్నా," అంది, "తప్పు నీదే."