హిలో వాళ్లు గేటు ఎందుకు వెడల్పు చేయలేదు?

హవాయి దీవుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని జనం పెద్ద దీవి అనే పిలుస్తారు. దాని తూర్పు తీరాన హిలో అనే ఊరుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు వాన పడే ఊరు. సముద్రం పక్క రోడ్డు మీద ఒక గడియారపు స్తంభం ఉంటుంది. అందులో టైము ఎప్పుడు చూసినా ఒంటిగంట నాలుగు నిమిషాలే. చెడిపోయి ఆగిందనుకుంటే పొరపాటు. 1960 మే 23 అర్ధరాత్రి దాటాక, అంతకుముందు రోజు చిలీలో వచ్చిన భూకంపం పుట్టించిన సునామీ ఊరి మీద పడిన క్షణం అది. 61 మంది పోయారు. దానికి పద్నాలుగేళ్ల ముందు, 1946 ఏప్రిల్‌లో వచ్చిన సునామీ కూడా ఈ ఊరినే ఊడ్చేసింది. రెండోసారి దెబ్బ తిన్నాక తీరం వెంట మళ్లీ ఇళ్లు, కొట్లు కట్టకూడదని నిర్ణయించుకున్నారు. ఒకప్పుడు బజారు ఉన్నచోట ఇప్పుడు పచ్చిక పెరుగుతోంది.

ఈ ఊళ్లో ప్రతి ఏటా ఈస్టర్ వారంలో మెర్రీ మోనార్క్ అనే ఉత్సవం జరుగుతుంది. హులా నాట్యానికి ప్రపంచంలో ఇంతకంటే పెద్ద పోటీ లేదని నాట్యం తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. అయితే ఇది పుట్టింది నాట్యం కోసం కాదు. చేతిలో పైసా ఆడని ఊరికి నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశతో పుట్టింది. ఆ ఆశతో నడిచినన్నాళ్లూ కుంటుతూ నడిచి, దాన్ని పక్కన పెట్టాకే నిలబడింది. పండగలను పర్యాటక శాఖ చేతిలో పెడితే అవే బాగుపడతాయని నమ్మేవాళ్లు ఈ కథను కాస్త నిదానంగా చూడాలి.

1963లో ఆ దీవి కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, చైర్మన్‌గా ఉన్న హెలీన్ హేల్, హిలోకి సందర్శకులను రప్పించే దారి వెతుకుతూ ఇద్దరిని మావీ దీవికి పంపారు. అక్కడి లహైనాలో తిమింగలాల వేట రోజులను గుర్తు చేసుకుంటూ ఒక సంబరం జరిగేది. దాన్ని చూసి రమ్మని పని. వెళ్లినవాళ్లలో ఒకరు జార్జ్ నఓపే, హులా గురువు. తిరిగొచ్చి, మనకు తిమింగలాలెందుకు, మన రాజు కలాకౌవా ఉన్నాడు కదా అన్న ఆలోచన పట్టుకున్నారు. 1874 నుంచి 1891 దాకా ఏలిన కలాకౌవాకు పాటన్నా ఆటన్నా ప్రాణం. ‘మెర్రీ మోనార్క్’, అంటే ఉల్లాసపు రాజు, అన్నది ఆయనకున్న ముద్దుపేరు. 1964లో మొదటి ఉత్సవం జరిగింది. అందులో ఏమున్నాయో చూస్తే నవ్వొస్తుంది. కలాకౌవా గడ్డానికి దగ్గరగా ఎవరి గడ్డం ఉందో తేల్చే పోటీ, నలుగురేసి కలిసి పాడే పాటల పోటీ, రిలే పరుగు, రాజుగారి పట్టాభిషేకం నాటకం! మన ఊళ్లలో సంక్రాంతికి పెట్టే ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్ లాంటి వ్యవహారమే. నాలుగేళ్లు తిరిగేసరికి జనానికి మోజు తీరిపోయింది. 1968 నాటికి మూతపడే పరిస్థితి.

అప్పుడు డాటీ థాంప్సన్ అనే ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. నఓపేతో కలిసి ఆవిడ చేసిన పని ఒక్కటే: గడ్డాలు తీసేసి హులాను మధ్యలో పెట్టడం. 1971లో తొమ్మిది బృందాలతో ఆడవాళ్ల పోటీ మొదలైంది. 1976లో మగవాళ్లూ వచ్చారు. పైకి ఇది కార్యక్రమాల జాబితాలో చిన్న మార్పులాగే కనిపిస్తుంది. అదెంత పెద్ద మార్పో తెలియాలంటే ఇంకో నూట నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1830లో రాణి కాఅహుమాను బహిరంగంగా హులా ఆడకూడదని ఆజ్ఞ ఇచ్చింది. అమెరికా నుంచి వచ్చిన మిషనరీల మాట ఆమె మీద బలంగా పనిచేసింది. హులా అశ్లీలమని, పాత దేవుళ్ల పూజలో భాగమని వాళ్ల అభ్యంతరం. ఆట ఆగలేదు, ఇళ్లలోకి, మారుమూల లోయల్లోకి వెళ్లిపోయింది. 1881లో కలాకౌవా ప్రపంచ యాత్రకు బయల్దేరాడు. గద్దె మీదున్న రాజు ఎవరూ అంతకుముందు భూగోళాన్ని అలా చుట్టి రాలేదు. ఆ దారిలో కలకత్తా, బొంబాయి కూడా చూశాడు. తిరిగొచ్చాక 1883లో తన పట్టాభిషేకోత్సవంలో అందరి ముందూ హులా ఆడించాడు. ఊళ్లో పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. ఆయన పోయిన రెండేళ్లకు, 1893లో, ఆయన చెల్లెలు రాణి లిలియుఓకలానిని చక్కెర వ్యాపారుల ముఠా గద్దె దింపింది. 1896లో బళ్లలో ఇంగ్లిష్‌లోనే చదువు చెప్పాలన్న చట్టం వచ్చింది. దాంతో పిల్లల నోట హవాయి భాష ఆగింది. హులా మాత్రం హోటళ్లలో, హాలీవుడ్ సినిమాల్లో గడ్డి లంగా, నవ్వు మొహంతో మిగిలింది. కళావంతుల ఆటకు మన దగ్గర పట్టిన గతి తెలిసినవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం గుళ్లలో ఆటను ఆపితే, అదే ఆట కొంతకాలానికి వేరే పేరుతో, వేరే కులాల ఇళ్లలోంచి వేదికెక్కింది.

హిలోలో పోటీ మొదలైన 1970లలోనే హవాయి అంతటా తమ భాష, తమ నావలు, తమ నేల అన్న కదలిక వచ్చింది. 1978లో రాష్ట్ర రాజ్యాంగం హవాయి భాషను అధికార భాషగా గుర్తించింది. సరిగ్గా ఆ సమయానికి, ఏడాదికోసారి పాత పాటలు, పాత అడుగులు తెలిసినవాళ్లంతా ఒకచోట చేరే వేదిక సిద్ధంగా ఉంది. ఎవరో ప్లాన్ వేసి చేసింది కాదిది, కాలం కలిసొచ్చింది. కానీ వేదిక మీద గడ్డాల పోటీయే ఉండి ఉంటే కలిసొచ్చేది కాదు.

పోటీలో రెండు రకాల హులా ఆడతారు. కహికో పాతది, అవానా కొత్తది. అవానాకు గిటారు, ఉకులేలే, తీయని పాట ఉంటాయి. కహికోకు అవేమీ ఉండవు. గురువు, అంటే కుము హులా, నేల మీద కూర్చుని రెండు సొరకాయ బుర్రలను ఒకదాని మీదొకటి అతికించి చేసిన ఇపు హెకె అనే వాద్యాన్ని నేలకు కొడుతూ, అరచేత్తో తడుతూ గొంతెత్తి పాడతారు. మన కూచిపూడి వేదిక మీద నట్టువాంగం చేసే గురువును తలుచుకోండి. తాళాల బదులు సొరబుర్ర. నాకు అన్నిటికంటే నచ్చేది నాట్యం మొదలవకముందు జరిగేది. బృందం తెర వెనక నుంచి పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడదు. వేదిక అంచు నుంచే ఒక పాటతో, అడుగు అడుగుకూ నేలను అడుగుతున్నట్టు లోపలికి వస్తుంది. దాన్ని కఇ అంటారు. అయిపోయాక బయటికి వెళ్లేదానికీ పాట ఉంది, అది హోఇ. రెండింటికీ న్యాయనిర్ణేతలు మార్కులేస్తారు. వచ్చిన తీరుకూ, వెళ్లిన తీరుకూ మార్కులు! అతిథి మర్యాదను మార్కుల షీటులో పెట్టిన పోటీ ఇంకెక్కడైనా ఉందేమో నేను చూడలేదు.

ఇక గేటు సంగతి, అంటే ఎంతమందిని లోపలికి రానివ్వాలన్నది. 1979 నుంచి పోటీ జరిగేది హులా గురువు ఈడిత్ కనకఓలే పేరు పెట్టిన స్టేడియంలో. నిజానికి అది టెన్నిస్ స్టేడియం. పైన కప్పు ఉంటుంది, పక్కలు తెరిచి ఉంటాయి, దాదాపు ఐదు వేల మంది పడతారు. రాజధాని హొనొలులుకు మారిస్తే ఇంకా పెద్ద హాళ్లున్నాయి, విమానాలున్నాయి, హోటళ్లున్నాయి. మారలేదు. ఏళ్ల తరబడి టికెట్ కావాలంటే ఫారం నింపి తపాలాలో పంపడమే మార్గం, మనిషికి రెండే టికెట్లు. థాంప్సన్ టికెట్ ధర తక్కువే ఉంచారు. మనవాళ్లు కూర్చోలేని ధర పెడితే ఇక ఎవరి కోసం అన్నది ఆవిడ లెక్క. బుధవారం పోటీ లేని ప్రదర్శన, చేతిపనుల సంత, శనివారం ఊరేగింపు అన్నీ ఉచితమే. 2010లో ఆవిడ పోయాక కూతురు అదే పద్ధతిలో నడిపించారు. కోవిడ్ వల్ల 2020లో రద్దు చేశారు. 2021లో ప్రేక్షకులు లేకుండా జరిపి టీవీలో చూపించారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా ఉత్సవం ఆగలేదు.

ఇక్కడో చిత్రం ఉంది. సందర్శకుల కోసం పెట్టినప్పుడు సందర్శకులు రాలేదు. మా కోసం ఆడుకుంటున్నాం, మీరు కూర్చోదలిస్తే ఫారం నింపండి అన్నాక ఆ వారంలో హిలోలో గది దొరకడమే కష్టమైంది. జపాన్ నుంచీ హులా నేర్చుకునేవాళ్లు వస్తారు. ఒకసారి మన దగ్గర ఒక జిల్లా ఉత్సవానికి వెళ్లాను. ముందు మూడు వరసల సోఫాలు చివరిదాకా ఖాళీ, వెనక తాడు అవతల ఊరివాళ్లు నిలబడే ఉన్నారు. వేదిక మీద ఆడేవాళ్లు పాపం ఆ సోఫాలకే దండం పెట్టారు.

అదే దీవికి అవతలి వైపు, ఎండ కాసే కోనా తీరంలో, ఇంకో రెండు వార్షిక ఉత్సవాలున్నాయి. ఒకటి ఐరన్‌మ్యాన్ పోటీ. ఈత, సైకిల్, పరుగు అన్నీ ఒక్క రోజులో. 1978లో ఒఆహు దీవిలో పుట్టి, 1981లో ఇక్కడికి వచ్చింది. 2022లో నిర్వాహకులు దాన్ని రెండు రోజులు చేశారు. ఉన్నదే ఒక పెద్ద రోడ్డు, అది మూసేస్తే పనికి వెళ్లేవాళ్లు ఎటు పోవాలి? స్థానికులు గొడవ చేశారు, కౌంటీ ఒక్క రోజే అంది. దాంతో 2023 నుంచి మగవాళ్ల పోటీ, ఆడవాళ్ల పోటీ ఫ్రాన్స్‌లోని నీస్‌కూ కోనాకూ ఏటా మారుతూ జరిగాయి. 2026 నుంచి మళ్లీ ఒక్క రోజే, కోనాలోనే అని ప్రకటించారు. ఊరు వద్దు అనగలిగింది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఎన్ని రోజులు, ఏ దేశం అన్న మాట బయటి కంపెనీ గదిలో తేలింది. ఊరికి మిగిలింది వీటో ఒక్కటే.

రెండోది నవంబర్‌లో జరిగే కోనా కాఫీ ఉత్సవం. 1970లో మొదలైంది. కాఫీ మొక్క కోనాకు వచ్చింది 1828లో. కొండవాలు మీద నాలుగైదు ఎకరాల చిన్న తోటలు, వాటిలో చాలావరకు జపాన్ నుంచి కూలికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. 1960ల చివరిదాకా కోనాలో బళ్లకు సెలవులు ఎండాకాలంలో కాకుండా కాఫీ కోతల కాలంలో ఉండేవి. పిల్లలు బుట్ట నడుముకు కట్టుకుని పళ్లు కోసేవాళ్లు. ఆ సెలవులు పోయిన కాలానికే ఈ ఉత్సవం పుట్టింది. ఇక్కడ పళ్లు కోసే పోటీ పెడతారు, కప్పులో రుచి చూసే పోటీ పెడతారు. ఇంతవరకూ బాగుంది. కానీ కోనా పేరు వేసి అమ్మే మిశ్రమంలో నిజమైన కోనా గింజ పదోవంతు ఉంటే చాలని హవాయి చట్టం చాలా ఏళ్లు ఒప్పుకుంది. రైతులు దశాబ్దాలు కొట్లాడితే, 2024లో చేసిన చట్టం 2027 జూలై నుంచి 51 శాతం ఉండాలంది. ఏటా పది రోజులు ఊరేగింపు చేసి కీర్తించిన గింజకు, సంచి మీద పేరు దక్కడానికి అరవై ఏళ్లకు దగ్గర పడుతోంది.

హిలో ఉత్సవంలో లోపాలు లేవని కాదు. వేరే దీవుల నుంచి ఒక బృందం రావాలంటే విమానం, బస, బట్టలు, పూలు కలిపి ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఏడాదంతా భోజనం పొట్లాలు అమ్మి డబ్బు కూడబెట్టే బృందాలున్నాయి. అసలు హులాకు మార్కులేంటి అనేవాళ్లూ ఉన్నారు. మోలోకాయి దీవిలో 1991లో జాన్ కఇమికౌవా మొదలుపెట్టిన కా హులా పికోలో పోటీయే లేదు. ఇంకా ముచ్చటైన సంగతి, ఎవరి పేరు స్టేడియానికి పెట్టారో ఆ ఈడిత్ కనకఓలే కుటుంబం నడిపే బృందం పోటీలో దిగదు. బుధవారం ఉచిత ప్రదర్శనలో ఆడి వెళ్లిపోతుంది. ఆ మడిని నేను గౌరవిస్తాను. కానీ పోటీ లేకపోతే ఇన్ని వందల మంది కుర్రాళ్లు పాత పాటల అర్థం కోసం ఏడాది పొడుగునా ముసలివాళ్ల చుట్టూ తిరిగేవాళ్లా అంటే, తిరిగేవాళ్లని గట్టిగా చెప్పలేను.

ఉత్సవాలంటే అక్కడ నిన్నమొన్నటివి కావు. పూర్వం మకలీఇ నక్షత్రాలు పొద్దుగూకే వేళ తూర్పున కనిపించగానే మకహికి మొదలయ్యేది. నాలుగు నెలలు యుద్ధం నిషేధం, పంటలో కప్పం, ఆటలు. మకలీఇ అంటే మన కృత్తికలే. అవే చుక్కల పేరు మీద, అదే రోజుల్లో, మనకూ ఒక నెల నడుస్తుంది.

కహికో ఆడేటప్పుడు తలకు, మెడకు, చేతులకు, కాళ్లకు దండలు కట్టుకుంటారు. పెద్ద దీవి వాళ్లకు ప్రాణమైన పువ్వు ఓహియా చెట్టుకు పూసే ఎర్రటి లెహువా. రేకులకు బదులు సన్నటి దారాల కుచ్చులా ఉంటుంది. దాన్ని కోస్తే వాన వస్తుందని వాళ్ల నమ్మకం. గురువు శిష్యులను వెంటబెట్టుకుని అడవికి వెళ్లి, ముందు పాట పాడి అనుమతి అడిగి, ఒక్కో చెట్టు నుంచి కొంచెం కొంచెం కోసుకొచ్చేవాళ్లు. 2014లో ఈ చెట్లను ఒక బూజు చంపుతోందని తేలింది. కొమ్మ విరిచినా, బెరడు గీసుకున్నా ఆ గాయంలోంచి లోపలికి దిగుతుంది. కొన్ని వారాల్లో చెట్టు ఆకులన్నీ గోధుమ రంగుకు మారిపోతాయి. మట్టి అంటిన బూటుతో కూడా వ్యాపిస్తుంది. 2015లో ఓహియాను పెద్ద దీవి దాటించకుండా ఆంక్షలు పెట్టారు. ఆ తర్వాతి ఉత్సవానికి లెహువా కోయొద్దని బృందాలను అడిగారు. అడవి దేవతల పాటలకు ఆ పువ్వు లేకుండా ఆడటమంటే తంగేడు, గునుగు లేకుండా బతుకమ్మ పేర్చమన్నట్టే. వేరే పూలు, వేరే ఆకులు కట్టుకుని వచ్చారు. పాటలో లెహువా మాట వచ్చిన ప్రతిసారీ చేతులు మాత్రం ఆ పువ్వునే చూపించాయి.