ఏకాంతానికి నాలుగక్షరాలు

మా అక్క కొడుకు బెంగళూరు బస్సు దిగి, ఇంట్లోకి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఒక మాటన్నాడు. "మామా, నేను ఐఎన్ఎఫ్‌పీ."

నాకు గుండె గుభేలుమంది. "ఎప్పటి నుంచిరా? డాక్టరుకు చూపిచ్చినావా?"

జబ్బు కాదట, స్వభావమట. ఫోన్లో పది నిమిషాలు ప్రశ్నలకు జవాబులిస్తే మన మనసు గుట్టు నాలుగక్షరాల్లో తేలిపోతుందట. ఐ అంటే అంతర్ముఖుడు, ఈ అంటే బహిర్ముఖుడు, ఇట్లా నాలుగు జంటలు, మొత్తం 16 రకాల మనుషులు. 1921లో యూంగ్ అనే స్విట్జర్లాండ్ డాక్టరు రాసినదాన్ని పట్టుకుని, అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ అనే తల్లీకూతుళ్లు దీన్ని అల్లారు. ఇద్దరూ మనస్తత్వశాస్త్రం కాలేజీలో చదివినవాళ్లు కాదు. నేను తప్పు పట్టను. మన పంచాంగంలో 27 నక్షత్రాలు, వాళ్లు 11 తగ్గించి పని తేలిక చేశారు. పైగా నక్షత్రం నచ్చకపోయినా చచ్చేదాకా మోయాలి. ఇదైతే నచ్చేదాకా మళ్లీ మళ్లీ రాసుకోవచ్చు. మావాడు మూడోసారికి ఐఎన్ఎఫ్‌పీ అయ్యాడు.

అయ్యాక ఇంకేముంది, మనుషులు పడరు. అడవే దిక్కు.

వాడి దేవుడు క్రిస్ మెక్‌కాండ్లెస్ అనే అమెరికా కుర్రాడు. 1990లో డిగ్రీ కాగానే దాచుకున్న 24 వేల డాలర్లు దానమిచ్చి, ఇంట్లో చెప్పకుండా దేశం మీద పడ్డాడు. 1992 ఏప్రిల్లో అలాస్కా అడవిలోకి ఒంటరిగా నడిచిపోయి, ఎవరో వదిలేసిన 142 నంబరు బస్సులో మకాం పెట్టాడు. వెనక్కు రావాలనుకునేసరికి ఏరు పొంగి దారి మూసుకుపోయింది. ఆగస్టులో ఆ బస్సులోనే ఆకలికి ప్రాణం పోయింది. 24 ఏళ్లు. ఇక్కడ నాకు నవ్వు రాదు. నవ్వొచ్చేది తర్వాతి సంగతికి. పోయినాక జనం ఆ పిల్లాడికి నాలుగక్షరాలు అంటించి, ఆ రకం కాబట్టే అడవికి పోయాడని తేల్చేశారు. ఇంట్లో తండ్రితో పడకపోవడం, చేతిలో సరైన మ్యాపు లేకపోవడం, ఏరు పొంగడం ఇవేవీ ఆ నాలుగక్షరాల్లో పట్టలేదు కాబోలు. ఆ బస్సు దగ్గర ఒంటరిగా కూర్చోవాలని ఎంతమంది ఎగబడ్డారంటే, దారిలో ఏట్లో కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. చివరికి 2020లో హెలికాప్టరు తెచ్చి బస్సునే ఎత్తుకుపోయారు.

మనకా బాధ లేదు, గండికోటను ఎత్తుకుపోయే హెలికాప్టరు ఇంకా రాలేదు. పోయిన నెల మావాడు ఏకాంతానికి అక్కడికే వెళ్లాడు, అదీ శనివారం రాత్రి. పెన్న కొండను కోసుకుంటూ పారే ఆ లోయ అంచున అంతర్ముఖులు ఎంతమంది దిగారంటే, ఒకడి టెంటు తాడు తగులుకుని ఇంకొకడు పడుతున్నాడట. ఒక స్పీకర్లో ఒక పాట, పక్క స్పీకర్లో ఇంకో పాట. తెల్లారి మావాడు బండ మీద ఒంటరిగా కూర్చుని వీడియో తీసుకుందామంటే, వెనకాల ఫ్రేములో ఎవరో ఒకరు ఒంటరిగా కూర్చునే ఉన్నారు. ఆఖరికి నలుగురూ మాట్లాడుకుని వంతులేసుకున్నారు. ఒకరు ఒంటరిగా ఉన్నంతసేపు మిగతా ముగ్గురూ పక్కకు జరగాలి.

ఈసారి అట్లా కాదు, సిద్దవటం దగ్గర లంకమల అడవిలో నిత్యపూజకోనకు పోతానన్నాడు. మంచిదే. లంకమలలో అసలైన అంతర్ముఖి ఒకటుంది, కలివికోడి అనే పిట్ట. పగలు కనబడదు, రాత్రిపూట పొదల మధ్య తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోతే అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో మా కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. ఎనభై ఆరేళ్లు, ఒక్క స్టేటస్ కూడా పెట్టకుండా! దానికోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. మావాడికోసం ఆఫీసులో మీటింగు టైము కూడా మార్చలేదు, అందుకని కోనలో సిగ్నల్ ఉంటుందా అని నన్నడిగాడు. అందులో తప్పేం లేదు. రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసేటప్పుడు బ్రహ్మంగారికి కూడా ఆవులు మేపే డ్యూటీ ఉండేదట. గీత గీసి ఆవుల్ని అందులో నిలబెట్టి రాసుకునేవాడని మా జేజి చెప్పేది.

ఇదంతా చూశాక ప్రభుత్వానికి ఒక విన్నపం చేయాలనిపించింది. ఏకాంతం కరువు సరుకైపోయింది, రేషన్ పెట్టాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లతో పాటు మీసేవలో స్వభావ ధ్రువీకరణ పత్రం కూడా ఇవ్వాలి. అన్నీ పద్ధతిగా జరగాలనుకునే జే రకానికి బెలుం గుహలు: టికెట్టు ఉంది, లైట్లున్నాయి, దారి తప్పే పని లేదు. ఎట్లా జరిగితే అట్లా అనే పీ రకాన్ని నల్లమలకు పంపొచ్చు, కాకపోతే పులి ముందు ఆ కాగితం చూస్తుందన్న నమ్మకం నాకు లేదు. బహిర్ముఖులైన 'ఈ' అక్షరం వాళ్లకు గండికోట శనివారాలు రాసిచ్చేయాలి.

అర్జీ రాస్తూ మెక్‌కాండ్లెస్ కథ అక్కకు కూడా చెప్పాను. సగం వరకు కూర కలుపుతూనే విన్నది.

"ఆ పిల్లోడు అడవిలోకి తినేకి ఏం తీస్కపోయినాడు?"

"ముఖ్యంగా బియ్యం. నాలుగున్నర కేజీలు."

గరిటె ఆగిపోయింది. "అంతేనా? ఊరగాయ గూడా లేకుండానా? వాళ్లమ్మకు చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. అక్క ఇంకేమీ మాట్లాడలేదు. పొద్దున చూస్తే మావాడి బ్యాగులో సద్దరొట్టెల మూట, ఊరిబిండి, చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ సీసా, రెండు రకాల మురుకులు, బియ్యం, ఒక చిన్న గిన్నె. వాడు రెండు చేతులా ఎత్తి చూశాడు, లేవలేదు. ఆ బ్యాగు ఒక్కడే మోయలేనని, ఏకాంతానికి నన్నూ తోడు రమ్మన్నాడు.