‘అప్ప వచ్చారు’ అంటే ఎవరొచ్చినట్టు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అప్ప అంటే అక్క. సరిహద్దు దాటి పర్లాకిమిడి, కాశీనగర్, బరంపురం వైపు వెళ్లినా తెలుగిళ్లలో ఈ పిలుపు వినిపిస్తుంది. పక్కింటి ఒడియా పిల్ల కూడా వాళ్లక్కని ‘అపా’ అంటుంది. కానీ కన్నడంలో, తమిళంలో అప్ప అంటే నాన్న. రాయలసీమలో తిమ్మప్ప, వెంకటప్ప అని మగవాళ్ల పేర్ల చివర చేరిందీ ఈ మాటే. కొరియా పిల్లలకి అప్పా నాన్న, హంగరీలో అపా తండ్రి, కిర్గిజ్ భాషలో తల్లి. ఉర్దూలో ఆపా మళ్లీ అక్కే.

ఇక్కడే మన ప్రాంతంలో ఒక పాత తగువు మొదలవుతుంది. ఒడియావాళ్లు మన మాట తీసుకున్నారని ఒకరు, మనమే వాళ్ల మాట తెచ్చుకున్నామని ఇంకొకరు. ఈ ఒక్క మాటని పట్టుకుని ఏ వైపు తీర్పు చెప్పినా తప్పే. పెదవులు కలిపి విడిస్తే పలికే ప, బ, మ, నోరు బాగా తెరిస్తే పలికే అ పసిపిల్లలకి ముందుగా పట్టుబడే ధ్వనులు. పిల్ల చేసిన చప్పుడుకి అర్థం కట్టేది చుట్టూ ఉన్న పెద్దలు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకొబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతినే విడమరిచి చెప్పారు. అందుకే జార్జియా భాషలో ‘మామ’ తండ్రి, ‘దెద’ తల్లి!

భాషల చుట్టరికం తేల్చడానికి ఒక మాట పోలిక చాలదు, చాలా మాటల్లో ఒకే తేడా వరసగా కనబడాలి. మన చెవి కన్నడంలో కివి, చెరువు కెరె, చెయ్యి కై. ఇలాంటి మాటల్లో మనం చ అన్న చోట వాళ్లు క అంటున్నారు. అదీ రక్తసంబంధం. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్యభాష, కొండ దిగి సంతకొచ్చే సవరలది ముండా భాష. పర్లాకిమిడి ఉన్న ఒడిశా గజపతి జిల్లాలో ఈ మూడు కుటుంబాలూ ఒకే సంతలో బేరమాడతాయి. అలాంటి చోట పోలికలు దొరకడం వింత కాదు.

కొన్ని పోలికల్ని మన లిపే పుట్టిస్తుంది. ఒడియా అకారాన్ని పెదవులు గుండ్రంగా చుట్టి పలుకుతారు, అది ఒకారానికి దగ్గర. చెవికి దాదాపు ‘ఒపా’ అని తగిలే మాటని ‘అపా’ అని రాయగానే మన అప్పకి తోబుట్టువైపోతుంది. సవరలో నీళ్లని ‘డాఅ’ అంటారు, మధ్యలో గొంతు ఒక్క క్షణం బిగుస్తుంది. ఆ బిగింపుకి తెలుగులో అక్షరం లేదు. ‘డా’ అని సరిపెట్టుకుంటే ఆ బిగింపు పోతుంది. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి 1931 నాటి తన సవర పుస్తకం పేరులోనే ఇంగ్లీషు అక్షరాల్లో So:ra: అని దీర్ఘానికి పక్కన రెండు చుక్కలు పెట్టారు. ఉన్న అక్షరాలతో సర్దుకోకపోవడం ఆయన నుంచి నేర్చుకోవలసిన పద్ధతి.

చిక్కంతా కాగితం మీద వస్తుంది. ‘అప్ప వచ్చింది’ అంటే ఆడమనిషని క్రియే చెప్పేస్తుంది. గౌరవంగా ‘అప్ప వచ్చారు’ అన్నామా, ఆ ఆనవాలు పోయింది. ఒడియా క్రియకైతే ఆడ, మగ తేడాయే లేదు. ఆసుపత్రి చీటీలో రోగి వెంట వచ్చింది ‘అప్ప’ అని రాసి ఉంటే పర్లాకిమిడి నర్సు అక్క అని చదువుతుంది, బళ్లారి నుంచి వచ్చిన నర్సు తండ్రి అని చదువుతుంది. ‘ఆయి’ సంగతీ అంతే. ఒడియాలో అమ్మమ్మ, మరాఠీలో అమ్మ. ఆ రెండూ దగ్గరి చుట్టాలైన భాషలే, అయినా ఒక తరం తేడా!

కాబట్టి పిలుపుని పిలుపుగానే రాసి ఊరుకోకూడదు. ఆడా మగా, వయసులో పెద్దా చిన్నా, తల్లి వైపా తండ్రి వైపా, పుట్టుకతో వచ్చిన వరసా పెళ్లితో వచ్చిందా అని నాలుగూ అడిగి పక్కన రాయాలి. నిమిషం పట్టదు. వీటిలో ఎక్కువగా వదిలేసేది నాలుగోది, ఎక్కువగా దెబ్బతీసేదీ అదే.

‘మామ’నే చూడండి. ఒడియాలో మాముఁ అంటే తల్లి అన్నో తమ్ముడో, పిల్లనిచ్చిన మామ వేరే మాట, శశుర. తెలుగులో ఇద్దరూ మామే, మేనత్త మొగుడూ మామే. మామ కొడుకు ఒడియా ఇంట్లో భాయి, అంటే అన్నదమ్ముడి లెక్క. తెలుగింట్లో బావ, వరసైనవాడు. ఒడియా గుమాస్తాకి ఈ తేడా తెలియకపోతే దరఖాస్తు వెనక్కి పంపుతాడు. తెలుగు కోడలి కాగితాల్లో ఒకచోట మేనమామ కొడుకుగా, ఇంకోచోట భర్తగా ఒకే పేరు ఉంటే అది రాతపొరపాటు కాకపోవచ్చు, ఆ ఇద్దరూ ఒక్కరే అయ్యుండొచ్చు.