మైండ్‌సెట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మైండ్‌సెట్ గారికి, బెంగళూరు సర్జాపూర్ రోడ్డు నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చూశాను. పనివాళ్ల జీతం పెంచాలా వద్దా అన్నది అజెండా. ఎంతసేపటికీ తేలలేదు. చివరికి సెకండ్ ఫ్లోర్ పెద్దాయన "ఎంత ఇచ్చినా ఏం లాభమండీ, వాళ్ల మైండ్‌సెట్ మారదు" అన్నారు. అంతే, అందరూ లేచి టీకి వెళ్లిపోయారు. పైసా ఖర్చు లేకుండా పేదరికం సంగతి తేల్చేసే శక్తి ఈ ఊళ్లో మీకు తప్ప ఇంకెవరికుంది?

మీ పుట్టుపూర్వోత్తరాలు కాస్త వాకబు చేశాను. అమెరికా మానవశాస్త్రవేత్త ఆస్కార్ లూయిస్ 1959లో మెక్సికో కుటుంబాల గురించి రాస్తూ ‘పేదరిక సంస్కృతి’ అన్న మాట తెచ్చారు. లేమిలో బతకడానికి నేర్చుకున్న అలవాట్లు పిల్లలకూ అంటుకుని, తర్వాత ఓ పట్టాన వదలవని ఆయన వాదన. కానీ ఢిల్లీ దగ్గర పల్లెలో కూడా పనిచేసిన ఆ పెద్దమనిషే, ఇండియాలో కడుపేద కులాలకు సైతం తమ పంచాయితీలు, బంధుబలగం ఉన్నాయి కాబట్టి చాలావరకు ఈ మాట వాళ్లకు కుదరదని 1966లో రాశారు. కన్నవారే మీకు ఇక్కడికి వీసా ఇవ్వలేదన్నమాట. మరి ఇన్నేళ్లుగా ఏ కాగితాల మీద ఉంటున్నారో!

మా ఇంట్లో పనిచేసే అక్కది కదిరి దగ్గర పల్లె. వేరుశనగ ఎండిపోయిన ఏడు మొగుడూ పెళ్లామూ బస్సెక్కేశారు. ఆయనది సెంట్రింగ్ పని, కాపురం సైటు వెనక రేకుల షెడ్డులో. మంచి గది చూసుకోవచ్చు కదా అంటారు మీ అభిమానులు. పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం ఈ ఊరి పాత ఆచారం. దాన్ని మాత్రం ఎవరూ మైండ్‌సెట్ అనరు. అంత డబ్బు ఒక్కసారి చేతిలో ఉన్నవాడు రేకుల కింద ఎందుకుంటాడు?

నిరుడు పిల్లకి జ్వరం ముదిరితే అక్క ఇరవై వేలు అప్పు చేసింది. ఐదు రూపాయల వడ్డీ. నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు, అసలు ఎక్కడిదక్కడే. అంటే ఏడాదికి నూటికి అరవై. పెద్దాయన ఫ్లాటు లోనుకి ఏడాదికి తొమ్మిది కూడా లేదు, అయినా బ్యాంకువాడు దోచేస్తున్నాడని లిఫ్టులో కనబడినప్పుడల్లా మొత్తుకుంటారు. పొదుపు మీద క్లాసు మాత్రం అక్కకే.

‘అంత అప్పులో ఉండి కూతురి ఫంక్షన్ చేసిందే!’ అని మీరు పాయింటు లాగుతారని తెలుసు. చేసింది. షామియానా వేసి, మటన్ పెట్టి మరీ చేసింది. తర్వాత మా ఆవిడకి చదివింపుల పుస్తకం చూపించింది. రూళ్ల నోటుబుక్కు. ఒక పక్క తను ఎవరింట్లో ఎంత చదివించిందో, రెండో పక్క ఇప్పుడు ఎవరు ఎంత తెచ్చారో. ఏళ్ల తరబడి ఊరందరి పెళ్లిళ్లకీ పెట్టిన డబ్బు రాబట్టుకునే రోజు అదొక్కటే. ఫంక్షన్ చెయ్యకపోతే మునిగినట్టే. రేపు ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ఫోన్ చేయాల్సిందీ ఆ పేర్లకే. మీరు దాన్ని దుబారా అంటారు. ఏ ఎల్‌ఐసీ ఏజెంటుకైనా చూపించండి, ఏమంటాడో.

తాగుడు సంగతి దాచను. శనివారం కూలి డబ్బుల్లో కొంత ఇంటికి చేరదు, అక్క గొడవపడుతుంది. అది అలవాటే, మీ ఖాతాలో రాసుకోండి. ఆయన మానేస్తే ఇల్లు కాస్త తేలిగ్గా గడుస్తుంది. వడ్డీ మాత్రం ఐదు నుంచి నాలుగుకి దిగదు.

మీ అసలు అడ్రసు వెతికినవాళ్లూ ఉన్నారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకి ముందు, కోత తర్వాత బుర్రకు పరీక్షలు పెట్టి 2013లో ఫలితాలు ప్రచురించారు. మనుషులు వాళ్లే. చేతిలో డబ్బాడని రోజుల్లో తడబడ్డారు, చెరకు డబ్బు అందాక మెరుగ్గా చేశారు. మీరు కాపురమున్నది వాళ్ల తలలో కాదేమో, జేబులో చూసుకోండి.

2020 మే గుర్తుందా? లాక్‌డౌన్‌లో కూలీలు ఊళ్లకి పోతామంటే, బిల్డర్లతో ముఖ్యమంత్రి మాట్లాడిన రోజే కర్ణాటక ప్రభుత్వం వాళ్ల రైళ్లు ఆపించింది. గోల రేగాక మళ్లీ వదిలింది. వీళ్లు పోతే పనులు ఆగిపోతాయట. సోమరిపోతులు వెళ్లిపోతారేమోనని రైళ్లు ఆపిన ఊరు ఇంకెక్కడైనా ఉందా?

ఇక అసలు విన్నపం. కట్టడం ఖర్చులో నూటికి కనీసం రూపాయి సెస్సు వసూలు చేసి కూలీల సంక్షేమానికి వాడాలని 1996లో చట్టం చేశారు. ఆ డబ్బు చూసే సంక్షేమ బోర్డులో కూలీ పేరెక్కాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. అక్క మొగుడు ఏడాదంతా చేశాడు, కాకపోతే మూడు సైట్లలో. రుజువుకి సంతకం అడిగితే మేస్త్రీ ‘కంపెనీని అడుగు’ అంటాడు. కంపెనీవాళ్లు ‘నువ్వు మేస్త్రీ మనిషివి’ అంటారు. మీ మాటకి ఇంత విలువుంది కాబట్టి, ఒక్క పూట అక్క వాళ్లని వదిలేసి ఆ మేస్త్రీకీ, ఆ బిల్డరుకీ మైండ్‌సెట్‌గా వెళ్లి సంతకం పెట్టించి రండి. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అక్క సిద్ధంగా ఉంచింది. మేస్త్రీ ఆదివారం పదింటి దాకా టీకొట్టు దగ్గరే ఉంటాడు.

ఇట్లు,
మీ అభిమానుల మధ్య కాపురముంటున్న ఒకడు